రోధక ఎలాస్టోమర్ యాక్చుయేటర్

రోధక ఎలాస్టోమర్ యాక్చుయేటర్ అనగా విద్యుచ్ఛక్తిని నేరుగా యాంత్రిక చలనంగా మార్చే ఒక మెత్తని సాధనము. రబ్బరు వలె సాగే పలుచని పొర, దాని రెండు ముఖాలపైన ఆ పొరతో పాటు సాగగలిగే విద్యుద్వాహక పూతలు ఇందులోని ముఖ్య భాగాలు. ఈ పూతల మధ్య కొన్ని వందల నుండి కొన్ని వేల వోల్టుల వరకు పొటెన్షియల్ భేదాన్ని కలిగించినపుడు పొర మందం తగ్గి, వైశాల్యం పెరుగుతుంది. వోల్టేజిని తొలగించగానే పొర తన స్థితిస్థాపకత వలన పూర్వ రూపానికి చేరుకుంటుంది. దీనిని డైఎలక్ట్రిక్ ఎలాస్టోమర్ యాక్చుయేటర్ అనీ, క్లుప్తంగా డి.ఇ.ఏ. అనీ వ్యవహరిస్తారు. కండరం వలె మెత్తగా ఉండి సాగుతూ ముడుచుకుంటూ పనిచేయుట చేత దీనిని కృత్రిమ కండరం అని కూడా అంటారు.

ఈ సాధనంలో ఇనుము, రాగి తీగచుట్టలు, గేర్లు, నూనె గొట్టాలు ఉండవు. అందుచేత దీని బరువు చాలా తక్కువ. బరువు తగ్గించుటే ప్రధాన సమస్య అయిన విమానాలు, గాలి నౌకలు, ఎగిరే సూక్ష్మ రోబోలు, మోటారు వాహనాల విషయంలో దీనిపై పరిశోధనలు జరుగుటకు కారణం ఇదే. అయితే అధిక వోల్టేజి అవసరం, పొర మన్నిక అనే రెండు ఇబ్బందుల వలన ప్రయాణికుల విమానాల నియంత్రణ భాగాలలో ఇది ఇంకా వాడుకలోకి రాలేదు.

పేరు

విద్యుత్తును తన గుండా పోనీయక, విద్యుత్ క్షేత్రాన్ని మాత్రం తనలో నిలుపుకొనే పదార్థాన్ని రోధకం అంటారు. బాగా సాగి, వదలగానే మొదటి ఆకారానికి వచ్చే పాలిమర్‌ను ఎలాస్టోమర్ అంటారు. రబ్బరు, సిలికోన్ ఇందుకు ఉదాహరణలు. ఒక సంకేతాన్ని లేదా శక్తిని అందుకొని కదలికను కలిగించే సాధనం యాక్చుయేటర్. ఈ మూడు మాటల కలయికతో ఈ పేరు ఏర్పడింది. విద్యుత్తుకు స్పందించి ఆకారం మార్చుకొనే పాలిమర్లలో ఇది ఒక తరగతి. ఆ పాలిమర్లలో కొన్ని అయాన్ల కదలిక వలన పనిచేస్తాయి. రోధక ఎలాస్టోమర్లు మాత్రం విద్యుత్ క్షేత్రం వలన పనిచేస్తాయి.

పనిచేసే విధానం

ఈ సాధనం నిజానికి ఒక సమాంతర పలకల కెపాసిటర్. సాధారణ కెపాసిటర్‌లో పలకలు గట్టివి కనుక కదలవు. ఇందులో పలకల స్థానంలో ఉన్న పూతలూ, వాటి మధ్యనున్న పొరా కూడా సాగుతాయి. వోల్టేజిని కలిగించినపుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి.

* ఒక పూతపై ధనావేశం, రెండవ పూతపై ఋణావేశం చేరుతుంది. ఇవి ఒకదానినొకటి ఆకర్షించుకొని మధ్యనున్న పొరను నొక్కుతాయి.
* ఒకే పూతపైనున్న సజాతి ఆవేశాలు పరస్పరం వికర్షించుకొని పూతను నలువైపులకు సాగదీస్తాయి.

రబ్బరును ఎంత నొక్కినా దాని ఘనపరిమాణం దాదాపుగా మారదు. కాబట్టి మందం తగ్గితే వైశాల్యం పెరిగి తీరాలి. పై రెండు పనులూ ఒకే ఫలితానికి తోడ్పడతాయి. అందువలన గట్టి పలకల కెపాసిటర్‌లో కలిగే పీడనానికి ఇందులో కలిగే పీడనం రెట్టింపు ఉంటుంది. దానిని ఈ విధంగా వ్రాస్తారు:

పీడనం = శూన్యపు పెర్మిటివిటీ × రోధక స్థిరాంకం × (వోల్టేజి ÷ మందం)²

ఇందులో శూన్యపు పెర్మిటివిటీ విలువ మీటరుకు 8.854 × 10⁻¹² ఫారడ్లు. వోల్టేజిని మందంతో భాగిస్తే వచ్చేది విద్యుత్ క్షేత్ర తీవ్రత. వికృతి తక్కువగా ఉన్నపుడు, పీడనాన్ని పదార్థపు యంగ్ గుణకంతో భాగిస్తే మందంలో కలిగే వికృతి తెలుస్తుంది.

ఉదాహరణ

50 మైక్రోమీటర్ల మందం గల సిలికోన్ పొరపై 3,000 వోల్టులు కలిగించామనుకుందాం. దాని రోధక స్థిరాంకం 2.8, యంగ్ గుణకం 1 మెగాపాస్కల్ అనుకుందాం.

* విద్యుత్ క్షేత్ర తీవ్రత మీటరుకు 6 కోట్ల వోల్టులు. సాధారణ గాలి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టుల వద్దనే తన రోధక గుణాన్ని కోల్పోతుంది. అంటే పొర అంతకు 20 రెట్ల తీవ్రతను తట్టుకుంటున్నదన్నమాట.
* పీడనం సుమారు 89,000 పాస్కల్స్. ఇది వాతావరణ పీడనం కంటే కొంచెం తక్కువ. చదరపు సెంటీమీటరుపై దాదాపు 900 గ్రాముల బరువు మోపినట్లు.
* మందం సుమారు 9 శాతం తగ్గుతుంది. ఘనపరిమాణం మారదు కనుక వైశాల్యం సుమారు 10 శాతం పెరుగుతుంది.

సూత్రంలో వర్గం ఉన్నందున వోల్టేజి సగమైతే పీడనం నాలుగో వంతుకు పడిపోతుంది. మరోవైపు, పొర మందాన్ని 50 నుండి 10 మైక్రోమీటర్లకు తగ్గిస్తే అదే పీడనం 600 వోల్టులకే లభిస్తుంది. పొరలను వీలైనంత పలుచగా తయారుచేయాలనే ప్రయత్నాలకు మూలం ఇదే. పలుచని పొర ఒక్కటే ఎక్కువ బలాన్ని మోయలేదు కాబట్టి అటువంటి పొరలను పదుల సంఖ్యలో ఒకదానిపైనొకటి పేర్చవలసి ఉంటుంది.

స్థితిని నిలుపుట, స్థితిని తెలుపుట

విద్యుదయస్కాంతం ఒక బరువును పట్టి ఉంచినంతసేపూ కరెంటును వాడుకుంటూనే ఉంటుంది. రోధక ఎలాస్టోమర్‌కు ఒకసారి ఆవేశం చేరిన తరువాత, పొర గుండా కారిపోయే స్వల్పమైన కరెంటును భర్తీ చేస్తే సరిపోతుంది. కదలక ఒకే స్థితిలో ఎక్కువసేపు ఉండవలసిన భాగాలకు ఇది అనుకూలమైన గుణం. అంతేకాక, పొర సాగినకొద్దీ దాని కెపాసిటీ పెరుగుతుంది. ఆ మార్పును కొలిచి, వేరే సెన్సరు లేకుండానే పొర ఎంత సాగినదో తెలుసుకొనవచ్చును.

అస్థిరత

పొర పలుచబడినపుడు, వోల్టేజి మారకపోయినా క్షేత్ర తీవ్రత పెరుగుతుంది. తీవ్రత పెరిగితే పీడనం పెరిగి పొర ఇంకా పలుచబడుతుంది. ఒక హద్దు దాటిన తరువాత రబ్బరు బలం దీనిని ఆపలేదు. పొర ఒక్కసారిగా నలిగి, విద్యుత్తు దాని గుండా దూసుకుపోయి రంధ్రం పడుతుంది. విద్యుత్ బంధకాలలో ఇటువంటి వైఫల్యాన్ని స్టార్క్, గార్టన్ అనే శాస్త్రవేత్తలు 1955లో వివరించారు.

ఈ హద్దును సులభంగా లెక్కించవచ్చును. పొర ప్రస్తుత మందానికీ తొలి మందానికీ గల నిష్పత్తిని 'మ' అనుకుందాం. రబ్బరు హుక్ నియమాన్ని పాటిస్తుందని భావిస్తే, సమతాస్థితిలో వోల్టేజి వర్గం మ² × (1 − మ) విలువకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఈ విలువ మ = 2/3 వద్ద గరిష్ఠం. అనగా మందం మూడో వంతు తగ్గిన తరువాత, వోల్టేజిని పెంచకపోయినా పొర కూలిపోతుంది. నిజమైన రబ్బరు ఎక్కువగా సాగినపుడు బిగుసుకుంటుంది. కాబట్టి పొరను ముందే బాగా సాగదీసి చట్రంలో బిగిస్తే ఈ హద్దు వెనుకకు జరుగుతుంది. పెద్ద వికృతులను సాధించిన ప్రయోగాలలో ఈ ఉపాయం కీలకమైనది.

చరిత్ర

ఆవేశం చేరినపుడు లేడెన్ జాడీ ఆకృతిలో మార్పు కలుగుతుందని ఫోంటానా గమనించిన విషయాన్ని అలెస్సాండ్రో వోల్టా 1776లో ఒక లేఖలో ప్రస్తావించాడు. 1880లో జర్మనీ భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఒక రబ్బరు పట్టీకి బరువును వ్రేలాడదీసి, మొనదేలిన లోహపు ముళ్ళ ద్వారా దానిపై ఆవేశాన్ని చల్లి, పట్టీ పొడవు పెరుగుటను పరిశీలించాడు. ఆయన ఎక్స్-కిరణాలను కనుగొన్నది దీనికి 15 ఏళ్ళ తరువాత, 1895లో. 1899లో సాచెర్డోట్ విద్యుత్ క్షేత్రంలో రోధకాల వికృతికి సిద్ధాంతాన్ని రూపొందించాడు.

ఆ తరువాత చాలాకాలం ఈ విషయం పెద్దగా ముందుకు సాగలేదు. 1990 దశకంలో అమెరికాలోని ఎస్.ఆర్.ఐ. ఇంటర్నేషనల్ సంస్థలో రాన్ పెల్రైన్, రాయ్ కార్న్‌బ్లూ తదితరులు పలుచని పొరలు, సాగే పూతలతో పరిశోధన ప్రారంభించారు. 2000లో వారు సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి మలుపు. ముందుగా సాగదీసిన సిలికోన్ పొరలతో 117 శాతం వరకు, ఏక్రిలిక్ పొరలతో 215 శాతం వరకు వికృతిని వారు సాధించారు. ఏక్రిలిక్ పొరలో క్షేత్ర తీవ్రత మీటరుకు 41 కోట్ల వోల్టులను దాటి, పీడనం 7.2 మెగాపాస్కల్స్‌కు చేరినది. వారు వాడిన ఏక్రిలిక్ పదార్థం త్రీఎమ్ సంస్థ అతికించుట కొరకు అమ్మే వి.హెచ్.బి. టేపు కావడం విశేషం. దుకాణంలో దొరికే టేపు కావుటచేత ప్రపంచంలోని అనేక విశ్వవిద్యాలయాలు ఈ ప్రయోగాలను తిరిగి చేయగలిగాయి.

2003లో ఎస్.ఆర్.ఐ. నుండి ఆర్టిఫిషియల్ మజిల్ అనే సంస్థ ఏర్పడింది. దానిని 2010లో బేయర్ మెటీరియల్ సైన్స్ కొనుగోలు చేసింది.

చేతి కుస్తీ పోటీ

కృత్రిమ కండరాలతో నడిచే రోబో మనిషిని చేతి కుస్తీలో ఓడించాలని నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ శాస్త్రవేత్త యోసెఫ్ బార్-కోహెన్ 1999లో పరిశోధకులకు సవాలు విసిరాడు. 2005 మార్చి 7న శాన్ డియాగోలో జరిగిన పోటీలో మూడు రోబోలు పాల్గొన్నాయి. వాటిలో స్విట్జర్లాండుకు చెందిన ఎంపా సంస్థ తయారుచేసిన రోబో రోధక ఎలాస్టోమర్ చుట్టలతో పనిచేసింది. ఎదుట కూర్చున్నది 17 ఏళ్ళ పాఠశాల విద్యార్థిని. మూడు రోబోలూ ఓడిపోయాయి. పొర స్థాయిలో కండరాన్ని మించిన పీడనం లభించినా, ఆ బలాన్ని ఒక పూర్తి యంత్రంగా కూర్చుట ఎంత కష్టమో ఈ పోటీ తెలియజేసింది.

పదార్థాలు

పొరలు
* సిలికోన్: రోధక స్థిరాంకం సుమారు 3. వేగంగా స్పందిస్తుంది. సెకనుకు వందలసార్లు సాగి ముడుచుకోగలదు. తీవ్రమైన చలిలో కూడా మెత్తగానే ఉంటుంది.
* ఏక్రిలిక్: రోధక స్థిరాంకం 4 నుండి 5 మధ్య. చాలా ఎక్కువగా సాగుతుంది. కాని జిగట గుణం వలన నెమ్మదిగా స్పందిస్తుంది, కొంత శక్తి వేడిగా నష్టమవుతుంది. చలికి బిగుసుకుంటుంది.
* పాలీయురితేన్, సహజ రబ్బరు: వీటిపైన కూడా పరిశోధనలు జరిగాయి.

పూతలు

పూత పొరతో పాటు సాగాలి, సాగినపుడు విద్యుద్వాహకతను కోల్పోరాదు, పొర కదలికకు అడ్డు కారాదు. ప్రయోగశాలలలో బొగ్గు పొడి కలిపిన గ్రీజును విరివిగా వాడతారు. అది తేలికగా పూయవచ్చును కాని ఆరిపోతుంది, చెరిగిపోతుంది. బొగ్గు పొడి కలిపిన సిలికోన్, కార్బన్ నానోట్యూబులు, వెండి నానోతీగలు ఇతర మార్గాలు. డెన్మార్కుకు చెందిన డాన్‌ఫాస్ సంస్థ రేకు ముడతల వంటి ఉపరితలం గల సిలికోన్ పొరపై లోహపు పూతను వేసింది. ముడతలు విప్పుకొనుట వలన లోహం తెగకుండా ఒక దిశలో సాగుతుంది.

ఆకృతులు

* చట్రం: సాగదీసిన పొరను చట్రంలో బిగించుట. ప్రయోగాలకు అనువైనది.
* దొంతర: పొరలను పేర్చుట. వోల్టేజి ఇచ్చినపుడు దొంతర ఎత్తు తగ్గుతుంది. కండరం వలె లాగే బలాన్ని ఇస్తుంది.
* చుట్ట: పొరను చాప వలె చుట్టుట. నిలువుగా పొడవు పెరుగుతుంది.
* శంకువు: పొర మధ్య భాగాన్ని స్ప్రింగుతో ఎత్తి ఉంచుట. కవాటాలు, చిన్న పంపులకు అనువైనది.
* వంగే చట్రం: సాగిన పొరను పలుచని వంగే చట్రానికి అతికిస్తే చట్రం తానే ముడుచుకుంటుంది. వోల్టేజి ఇచ్చినపుడు విచ్చుకుంటుంది. దీనిని పట్టుకొనే వేళ్ళకు, చిన్న రెక్కలకు వాడతారు.

పొర నొక్కబడి సాగుతుందే తప్ప తనంతట తాను ఒక వస్తువును వెనుకకు లాగలేదు. అందువలన చాలా ఆకృతులలో ఎదురు బలానికి స్ప్రింగు గాని, బరువు గాని, మరొక పొర గాని అవసరం.

బరువు ప్రాముఖ్యం

విమానంలో ఒక భాగం బరువు పెరిగితే దానిని మోయుటకు ఎక్కువ ఉత్థాపక బలం కావాలి, అందుకు ఎక్కువ ఇంధనం కావాలి, ఆ ఇంధనానికి కూడా బరువు ఉంటుంది. కాబట్టి ఒక్కొక్క కిలో తగ్గించుటకు ఎంతో శ్రమిస్తారు. రెక్కల అంచులను, తోక పలకలను కదిలించుటకు పంపులు, గొట్టాలు, నూనె గల హైడ్రాలిక్ వ్యవస్థలనూ, లేదా గేర్లతో కూడిన విద్యుత్ మోటార్లనూ వాడతారు. ఉక్కు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 7.8 గ్రాములు, రాగి సాంద్రత సుమారు 9 గ్రాములు కాగా సిలికోన్ సాంద్రత సుమారు 1.1 గ్రాములు మాత్రమే. ఏక్రిలిక్ టేపు నీటి కంటే కూడా కొంచెం తేలిక.

అయితే పొర బరువును మాత్రమే లెక్కించుట సరికాదు. తక్కువ వోల్టేజి గల బ్యాటరీ నుండి వేల వోల్టులను తయారుచేసే పరికరం, చట్రం, స్ప్రింగు, విద్యుత్ బంధక కవచం అన్నిటినీ కలిపి చూడాలి. కొన్ని గ్రాముల పొరకు అంతకు ఎన్నో రెట్ల బరువు గల పరికరాలు అవసరమైతే తేలికదనం వలన లాభం ఉండదు. ఈ సాధనం వాహనాలలోకి వచ్చునా రాదా అన్నది ప్రధానంగా ఈ లెక్కపై ఆధారపడి ఉంది.

ఉపయోగాలు

గాలి నౌక

ఎంపా పరిశోధకులు హీలియంతో నింపిన 8 మీటర్ల పొడవు గల గాలి నౌకను చేప వలె ఈదునట్లుగా రూపొందించి, ఆ వివరాలను 2010లో ప్రచురించారు. దీనికి ప్రొపెల్లర్ లేదు. రెండు ప్రక్కలా అమర్చిన ఏక్రిలిక్ పొరలు ఒకదాని తరువాత ఒకటి సాగుతూ నౌక దేహాన్ని, తోకను అటూ ఇటూ వంచుతాయి. రెయిన్‌బో ట్రౌట్ అనే చేప ఈత దీనికి ఆదర్శం. గాలి నౌకకు బరువు అతి ముఖ్యం, వేగం అంత ముఖ్యం కాదు. పెద్ద వైశాల్యం, నెమ్మదైన కదలిక ఏక్రిలిక్ పొరకు తగినవి. అందుచేత ఈ సాధనానికి ఇది చక్కగా సరిపోయిన ఉపయోగం.

ఎగిరే సూక్ష్మ రోబోలు

2019లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన యూఫెంగ్ చెన్ తదితరులు నేచర్ పత్రికలో ఒక సూక్ష్మ రోబోను వివరించారు. దాని రెక్కలను ఆడించే దొంతర యాక్చుయేటర్ బరువు 100 మిల్లీగ్రాములు, అనునాద పౌనఃపున్యం 500 హెర్ట్జ్, శక్తి సామర్థ్యం కిలోకు 600 వాట్లు. మెత్తని కండరాలతో నియంత్రిత ఎగురుట సాధ్యమని ఇది చూపింది. గట్టి పదార్థాలతో చేసిన సూక్ష్మ రోబోలు గోడకు తగిలితే విరిగిపోతాయి. ఇది మాత్రం తగిలి తేరుకొని మళ్ళీ ఎగరగలిగింది.

తరువాత చెన్ బృందం మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 10 మైక్రోమీటర్ల మందం గల 20 పొరలతో దొంతరలను తయారుచేసి, ఎగురుటకు కావలసిన వోల్టేజిని 500 వోల్టుల దిగువకు తెచ్చింది. 2025లో ప్రకటించిన రూపం ఒక గ్రాము కంటే తక్కువ బరువుతో సుమారు 1,000 సెకన్ల పాటు గాలిలో నిలిచింది. ఈ రోబోలకు విద్యుత్తు సన్నని తీగల ద్వారా బయటి నుండి అందుతుంది. విద్యుత్తు సరఫరాను రోబోయే మోసుకొనిపోవుట ముందున్న సమస్య.

పొర రెక్కలు

గబ్బిలం రెక్క పలుచని చర్మపు పొర. గాలి వేగాన్ని బట్టి అది ఉబ్బుతుంది, బిగుస్తుంది. ఇదే పద్ధతిలో చిన్న విమానాల రెక్కను రోధక ఎలాస్టోమర్ పొరతో తయారుచేసి, వోల్టేజితో దాని బిగువును మార్చి, ఉత్థాపక బలాన్ని నియంత్రించే ప్రయోగాలను అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయంలో వాయు సొరంగంలో జరిపారు. ఇక్కడ ప్రత్యేకంగా యాక్చుయేటర్ అంటూ ఉండదు. రెక్క పొరే యాక్చుయేటర్.

మోటారు వాహనాలు

వాహనాలలో బలమైన పనుల కంటే చిన్న పనులకు ఈ సాధనం దగ్గరగా ఉంది. కవాటాలు, చిన్న పంపులు, తాకినపుడు వ్రేలికి స్పందన తెలిపే ఫలకాలు, కంపనాలను తగ్గించే ఆధారాలు ఇందుకు ఉదాహరణలు. సాధారణ సోలినాయిడ్ కవాటంలో రాగి చుట్ట, ఇనుప కడ్డీ ఉంటాయి. తెరచి ఉంచినంతసేపూ కరెంటు ఖర్చవుతుంది. పొరతో చేసిన కవాటం తేలిక, నిశ్శబ్దం, తెరచి ఉంచుటకు దాదాపు ఖర్చు ఉండదు. వాహనాల రబ్బరు భాగాలను తయారుచేసే జపాను సంస్థ టొయోడా గోసే 'ఇ-రబ్బర్' పేరుతో ఈ రకపు పదార్థాన్ని అభివృద్ధి చేసింది.

సముద్ర వాహనాలు

చైనాలోని జజియాంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తదితరులు రూపొందించిన చేప వంటి మెత్తని రోబో మరియానా అగాధంలో 10,900 మీటర్ల లోతున రెక్కలు ఆడించింది. దక్షిణ చైనా సముద్రంలో 3,224 మీటర్ల లోతున స్వేచ్ఛగా ఈదింది. ఈ ఫలితాలు 2021లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. రబ్బరు ఘనపరిమాణం మారదు కనుక అంత పీడనంలో కూడా దానికి బరువైన ఉక్కు కవచం అవసరం కాలేదు.

పరిమితులు

* వోల్టేజి: వేల వోల్టులకు తగిన స్విచ్చులు, తీగలు, కలిపే భాగాలు పెద్దవిగా, ఖరీదైనవిగా ఉంటాయి. కరెంటు తక్కువైనా పెద్ద దొంతరలో నిలిచిన ఆవేశం ప్రమాదకరం కావచ్చును. ఆపిన వెంటనే ఆవేశాన్ని రెసిస్టరు ద్వారా పోగొట్టే ఏర్పాటు ఉండాలి.
* ఎత్తు: 11 కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం నేలపై ఉన్నదానిలో నాలుగో వంతు కంటే తక్కువ. పలుచని గాలిలో పూతల అంచుల వద్ద, తీగల వద్ద విద్యుత్తు సులభంగా గాలిలోకి దూకుతుంది. కాబట్టి అంచులను బంధక పదార్థంతో పూర్తిగా కప్పాలి.
* ఉష్ణోగ్రత: అదే ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత −56.5 డిగ్రీల సెల్సియస్. ఏక్రిలిక్ ఇక్కడ పనికిరాదు, సిలికోన్ మాత్రమే ఉపయోగపడుతుంది.
* మన్నిక: పొరలో ధూళి కణం గాని, గాలి బుడగ గాని ఉంటే అక్కడ క్షేత్రం కేంద్రీకృతమై రంధ్రం పడుతుంది. తీవ్రతను తగ్గించి వాడితే ఆయుష్షు పెరుగుతుంది, కాని బలం తగ్గుతుంది.
* వైఫల్యం: విద్యుత్తు ఆగితే సాధనం విరామ స్థితికి వస్తుంది. కవాటం మూసుకొనుటకు ఇది మేలు. విమానపు నియంత్రణ పలకకు ఏ స్థితి క్షేమమో ముందే నిర్ణయించి రూపకల్పన చేయాలి.

మన్నిక సమస్యకు ఒక పరిష్కారం పూతలోనే ఉంది. కార్బన్ నానోట్యూబుల పూత చాలా పలుచన. రంధ్రం పడిన చోట మెరుపు పుట్టి, చుట్టూ ఉన్న పూత కాలిపోతుంది. దానితో దెబ్బతిన్న చోటు మిగతా భాగం నుండి వేరుపడి, యాక్చుయేటర్ పని కొనసాగిస్తుంది. పెద్ద గాయాల చుట్టూ పూతను లేజరుతో తొలగించే పద్ధతిని మసాచుసెట్స్ బృందం 2023లో చూపింది. సూదులతో పొడిచి గాయపరచిన తరువాత కూడా ఆ రోబో ఎగిరింది.

ఇతర సాధనాలతో పోలిక

* పీజోవిద్యుత్ స్ఫటికాలు: బలం, వేగం ఎక్కువ. వికృతి ఒక శాతంలో పదో వంతు స్థాయిలో మాత్రమే ఉంటుంది. బరువైనవి, పెళుసైనవి.
* ఆకార స్మృతి మిశ్రమలోహాలు: వేడి చేస్తే ముడుచుకుంటాయి. బలం ఎక్కువ. చల్లారుటకు సమయం పట్టుట వలన నెమ్మది.
* విద్యుత్ మోటారు: దక్షత, మన్నిక ఎక్కువ. నెమ్మదైన, బలమైన కదలికకు గేర్లు కావాలి.
* జంతు కండరం: వికృతి సుమారు 20 శాతం. తన్ను తాను బాగుచేసుకొనగలదు.
* రోధక ఎలాస్టోమర్: వికృతి సాధారణంగా 10 శాతం మొదలుకొని చాలా ఎక్కువ వరకు. తేలిక, నిశ్శబ్దం. అధిక వోల్టేజి అవసరం.

ఇదే సాధనాన్ని తిరగవేసి వాడితే విద్యుత్తును ఉత్పత్తి చేయవచ్చును. సాగిన పొరకు ఆవేశాన్ని ఇచ్చి, దానిని ముడుచుకోనిస్తే ఆవేశాల మధ్య పొటెన్షియల్ పెరుగుతుంది. సముద్రపు అలల నుండి విద్యుత్తును పొందుటకు ఈ పద్ధతిపై ప్రయోగాలు జరిగాయి.

ఇవి కూడా చూడండి

* కెపాసిటర్
* స్థితిస్థాపకత
* పీజోవిద్యుత్తు
* విల్‌హెల్మ్ రాంట్‌జెన్
* గాలి నౌక
* రోబోటిక్స్